ఏలినాటి సిబిల్

గ్రహాలు తొమ్మిదైతే, అల్లుణ్ణి పదో గ్రహం అన్నారు మన పెద్దలు. వాళ్ల పంచాంగానికి అందని పదకొండో గ్రహం ఒకటి ముంబైలో ఉంది. పేరు సిబిల్. 2000లో పుట్టింది, 2007 నుంచి మనుషులకు మార్కులు వేస్తోంది. ఇప్పుడు దాని వాటాల్లో సింహభాగం అమెరికాలో, చికాగో నగరంలో ఉన్న ట్రాన్స్‌యూనియన్ సంస్థది. శని పట్టుకుంటే కోనసీమలో మందపల్లి వెళ్లి తైలాభిషేకం చేయించుకోవచ్చు. రాహుకేతువులకు శ్రీకాళహస్తి ఉంది. ఈ గ్రహానికి మాత్రం జపం లేదు, హోమం లేదు, దోషం పోగొట్టే పంతులూ లేడు. ‘సిబిల్ క్లియర్ చేయబడును’ అని కరెంటు స్తంభాల మీద కాగితాలు అంటించే పంతుళ్లు ఉన్నారు గానీ, వాళ్లు దక్షిణ వరకే పుచ్చుకుంటారు.

ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఉంటాడు. పోయేటప్పుడు మేలు చేసి పోతాడని జ్యోతిష్కులు ధైర్యమైనా చెబుతారు. 2005 నాటి చట్టం కింద నడిచే సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార కంపెనీలు మన అప్పుల చరిత్రను కనీసం ఏడేళ్లు భద్రంగా దాచాలి. పోనీలే, ఆర్నెల్లు కలిసొచ్చిందని సంబరపడబోతే ఆ ‘కనీసం’ అడ్డొస్తుంది. ఇలాంటి కంపెనీలు దేశంలో నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగు చోట్లా ఒకే మనిషికి నాలుగు అంకెలు రావచ్చు. జనం నోట్లో మాత్రం నాలుగూ సిబిలే.

జాతకంతో పోల్చడం ఊరికే కాదు. 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని మూర్తిజాపూర్‌లో పెళ్లి మాటలు దాదాపు ఖాయమయ్యాక అమ్మాయి మేనమామ అబ్బాయి సిబిల్ చూపించమన్నాడని, అది చూశాక సంబంధం వదులుకున్నారని పత్రికలు రాశాయి. మన దగ్గరా ఆ ముచ్చట ఎంతో దూరంలో లేదు. అబ్బాయి ఏ కంపెనీ, గోత్రం ఏమిటి, ఎన్నెకరాలు అన్న ప్రశ్నల వరసలో ‘స్కోరెంతండీ’ అన్నది కూడా చేరుతుంది. కుజదోషం ఉన్న అబ్బాయికి కుజదోషం ఉన్న అమ్మాయినే చూస్తారు. అలాగే 540 ఉన్నవాడికి 540 ఉన్న పిల్లను వెతుకుతారు కాబోలు. ఇద్దరివీ కలిపితే 1080. ఇల్లే కొనేయొచ్చు!

ఈ అంకె గురించి బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ, యూట్యూబ్ ఆర్థిక గురువులూ ముక్తకంఠంతో చెప్పే మాట ఒకటుంది. స్కోరంటే మీ క్రమశిక్షణ అట. 300 నుంచి 900 దాకా మీరెక్కడ నిలబడ్డారో చూసి మీరెలాంటి మనిషో చెప్పేయొచ్చట. సరే, ఈ మహాజ్ఞానికి ఏమేం తెలుసో చూద్దాం. మీ జీతం తెలియదు. బ్యాంకులో మీ డిపాజిట్లు తెలియవు. ఏళ్ల తరబడి ఒక్క నెల తప్పకుండా చీటీ కట్టిన సంగతి తెలియదు. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటివాళ్ల చేతిలో అద్దె పెట్టే అలవాటు తెలియదు. పిల్లల ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టకుండా నెట్టుకొచ్చిన ఇల్లాలి నేర్పు అసలే తెలియదు. దానికి తెలిసిందల్లా అప్పు. అప్పు చేశారా, చేస్తే ఏ తేదీన కట్టారు, మళ్లీ అప్పుకోసం ఎన్ని గుమ్మాలు ఎక్కారు. జీవితాన్ని ఇంత ఇరుకు కిటికీలోంచి చూసి మనిషి శీలం తేల్చేసే విద్య మన ఊరి రచ్చబండ మీద కూర్చునే పెద్దమనుషులకు కూడా రాలేదు.

అసలు అప్పే చేయని పెద్దాయన సంగతి మరీ విచిత్రం. ఆయనకు స్కోరు రాదు. మైనస్ 1 అనో, చరిత్ర లేదనో వస్తుంది. అరవై ఏళ్లు ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచకుండా బతికినందుకు దక్కిన బిరుదు, మైనస్ 1. వెనకటికి అప్పుచేసి పప్పుకూడు తినేవాణ్ణి చూసి ఊరంతా నవ్వేది. ఇప్పుడు అప్పు చేయనివాడి పప్పులే ఉడకడం లేదు. మొదటిసారి అప్పుకొచ్చినవాణ్ణి చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉందని, కనీసం ఇంత స్కోరు ఉండాలన్న నియమం లేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయమంత్రి పార్లమెంటులోనే చెప్పారు. ఢిల్లీలో చెప్పిన మాట బ్రాంచి కౌంటర్ దాకా రావడానికి ఏ పాసింజరు బండి ఎక్కిందో మరి.

ఇక చరిత్ర ఉన్నవాళ్ల సంగతి. రిపోర్టు తెరవండి. ఏడాదికోసారి ఒక్కో కంపెనీ నుంచీ ఉచితంగానే ఇవ్వాలి, 2017 నుంచి ఆ నిబంధన ఉంది. ప్రతి అప్పు కిందా ఒక గళ్ల పట్టిక కనిపిస్తుంది. నెలకో గడి చొప్పున 36 నెలలు. వాయిదా వేళకు కడితే ఆ గడిలో 000. ఆలస్యమైతే ఎన్ని రోజులైతే అన్ని రోజులు: 030, 061, 090. తొంభై దాటిందా, మొండిబాకీ లెక్కలోకి వెళ్లిపోతుంది. కొన్నిచోట్ల అంకెలకు బదులు ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అని పొడి అక్షరాలు ఉంటాయి, ఆసుపత్రి కేస్‌షీటులో డాక్టరు గీతల్లాగా. ఎప్పుడు తప్పారన్నదానికి గడి ఉంది, ఎన్ని రోజులు తప్పారన్నదానికి గడి ఉంది. ఎందుకు తప్పారన్నదానికి మాత్రం గడి లేదు. కారు మార్చి, గోవా తిరిగొచ్చి, వాయిదా ఎగ్గొట్టినవాడి గడిలోనూ 090. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో వారం రోజులు కూర్చున్నవాడి గడిలోనూ 090.

చీరాలలో టైలరింగ్ షాపు నడుపుకునే ఒకావిడ ఉందనుకుందాం. షాపు కోసం రెండు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుంది. ఏడాదిన్నర పాటు అన్నీ 000లే. ఆ తర్వాత ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. షాపు షట్టరు సగం రోజులు దించే ఉండేది. వాయిదాలు ఆగాయి. అప్పుడు రికవరీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి: పొద్దున ఆమెకు, మధ్యాహ్నం ఆమె తమ్ముడికి, సాయంత్రం పక్క షాపులో మిషన్ కుట్టే పిల్లకు. చివరికి ఒక మర్యాదస్తుడు ఫోన్ చేశాడు. ‘అమ్మా, ఉన్నదాంట్లో అరవై వేలు కట్టేయండి, ఫైలు మూసేద్దాం, ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు’ అన్నాడు. మెడలో ఉన్నది కుదువ పెట్టి కట్టింది. కంపెనీ లెటరు కూడా ఇచ్చింది. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డుతో కలిపి బీరువాలో దాచుకుంది.

రెండేళ్లకు కాస్త తేరుకుని, పవర్ మిషన్లు కొందామని బ్యాంకుకు వెళ్తుంది.

‘అమ్మా, మీకు సెటిల్డ్ అని చూపిస్తోంది.’

‘అవున్సార్, మొత్తం సెటిల్ చేసేశాను. లెటరు కూడా ఉంది.’

‘అదేనమ్మా ప్రాబ్లం. సెటిల్డ్ ఉండకూడదు, క్లోజ్డ్ ఉండాలి.’

‘వాళ్లే కదండీ సెటిల్ చేసుకోమంది?’

‘వాళ్లకు మంచిదేనమ్మా. మీకే కాదు.’

ఆ ఆఫీసరు దుర్మార్గుడేం కాదు. ఆయన చేతిలో ఉన్నది సంతకం, కంప్యూటర్ చేతిలో ఉన్నది పెత్తనం. తేడా ఎక్కడుందంటే, సగానికి రాజీపడమన్న మర్యాదస్తుడు ఆ రాజీ ఆమె రిపోర్టులో మచ్చగా మిగులుతుందని చెప్పలేదు. ఆ మచ్చ పోవాలంటే మిగతాదీ కట్టి నో డ్యూస్ తెచ్చుకోవాలి. అంటే ఫైలు మూయడానికి ఇచ్చిన డబ్బు ఫైలు మూయలేదన్నమాట. రాజీపడ్డవాళ్లకు మళ్లీ అప్పివ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఒక గడువు పెట్టింది. కావాలని ఎగ్గొట్టినవాళ్లతో కూడా బ్యాంకులు రాజీ కుదుర్చుకోవచ్చని అదే ఆదేశాల్లో ఉంటే బ్యాంకు ఉద్యోగ సంఘాలు గగ్గోలు పెట్టాయి. చీరాల ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఆ 12 నెలలు ఎప్పటికీ నిండవు.

మన ఊళ్లలో వడ్డీ వ్యాపారిని రాక్షసుడిగా చూపించని సినిమా లేదు. ఆ రాక్షసుడి దగ్గర కూడా ప్రోనోటుకు మూడేళ్లే ఆయువు. మూడేళ్లలో చెల్లు వేయించుకోవడమో, నోటు తిరగరాయించుకోవడమో చేయకపోతే కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. లిమిటేషన్ చట్టం 1963 నుంచీ చెబుతున్నది అదే. నూటికి మూడు రూపాయల వడ్డీ లాగే షావుకారు కాగితం మూడేళ్లకు చచ్చిపోతుంటే, శాస్త్రీయమైన, ఆధునికమైన, కంప్యూటరైజ్డ్ జ్ఞాపకం ఏడేళ్లయినా చావడం లేదు.

ఇప్పుడు గురువుగార్ల వైద్యం వినండి. స్కోరు పడిపోయిందా? బ్యాంకులో డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. లిమిట్‌లో ముప్పై శాతం మించకుండా వాడండి. నెలనెలా తీర్చేయండి. పాత కార్డులు మూయకండి, మూస్తే చరిత్ర పొట్టిదవుతుంది. అప్పుకోసం నాలుగు చోట్ల అడక్కండి, అడిగితే స్కోరు ఇంకా దిగుతుంది. అంటే అప్పు వల్ల వచ్చిన జబ్బుకు అప్పే మందు, అదీ డిపాజిట్ వేయగలిగిన వాళ్లకే. మెడలోది కూడా తాకట్టులో ఉన్నావిడ ఆ డిపాజిట్ ఎక్కడ తెస్తుంది? బ్యాంకు తలుపు మూస్తే ఆమె వెళ్లేది డైలీ ఫైనాన్స్ వాడి దగ్గరికి. అతను సిబిల్ అడగడు. ఇల్లెక్కడో అడుగుతాడు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడినప్పుడు, 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయినప్పుడు ఆశ్చర్యపోయిన పెద్దలంతా ఒక్క ప్రశ్న వేసుకుని ఉండాల్సింది: బుద్ధున్నవాడెవడైనా బ్యాంకు ఇస్తానంటే అక్కడికి వెళతాడా?

పోనీ రిపోర్టులో ఉన్నదైనా సరిగ్గా ఉంటుందా? తీర్చేసిన అప్పు బతికే ఉంటుంది. మీ పేరున్న ఇంకెవరి అప్పో మీ కింద పడి ఉంటుంది. కంపెనీని అడిగితే ‘బ్యాంకు పంపిందే మేం చూపిస్తాం, మార్చాలంటే బ్యాంకే చెప్పాలి’ అంటుంది. బ్యాంకును అడిగితే ‘మేం ఎప్పుడో పంపేశాం, అక్కడ అప్‌డేట్ కాలేదు’ అంటుంది. ఈ గొడవ భరించలేక రిజర్వు బ్యాంకు ఒక నిబంధన తెచ్చింది. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున బాధితుడికి ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు 2023 జూన్‌లో నిబంధనలు పాటించలేదని ఈ నాలుగు కంపెనీలకూ కలిపి కోటి రూపాయల పైచిలుకు జరిమానా కూడా వేసింది. బాగుంది. అయితే ఆ నలుగురి స్కోరు ఎంత పడిందో, వాళ్ల పట్టికలో ఏ గడి ఎర్రబడిందో చూసినవాళ్లెవరూ లేరు.

అప్పుతోనే ఆగితే అదొక తీరు. ఈ గ్రహం దృష్టి ఉద్యోగాల మీద కూడా పడింది. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో ‘ఆరోగ్యకరమైన క్రెడిట్ చరిత్ర’ ఉండాలన్న షరతు చేరింది. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థికి ఇచ్చిన నియామకాన్ని ఈ కారణంతో రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు వైపే తీర్పు చెప్పింది. నోటిఫికేషన్ నాటికి అప్పులన్నీ తీర్చేశానన్న అతని మొర నిలవలేదు. ఉద్యోగం లేక వాయిదా తప్పినవాడికి వాయిదా తప్పాడని ఉద్యోగం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. ఇంత పాత సామెతను చట్టబద్ధం చేయడానికి ఇన్నేళ్లు పట్టింది. చదువుల దగ్గర మాత్రం 2023లో కేరళ హైకోర్టు కాస్త గాలి ఆడనిచ్చింది. స్కోరు తక్కువని విద్యార్థికి విద్యారుణం నిరాకరించడం కుదరదంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. స్కోరు లేని రోజులేమీ స్వర్ణయుగం కాదు. అప్పుడు మేనేజరుగారి దయ, సర్పంచిగారి సిఫారసు, కులం, చొక్కా ఇస్త్రీ ఇవే స్కోరు. ఏ సిఫారసూ లేని కుర్రాడికి ఫోన్‌లోనే అప్పు మంజూరవుతోందంటే అది ఈ అంకె పుణ్యమే. డిపాజిటర్ల సొమ్ము అడిగినవాడికల్లా పంచిపెట్టమని ఎవరూ అనరు. అప్పిచ్చేవాడికి జ్ఞాపకం ఉండాల్సిందే. పారిపోయినవాణ్ణీ, పడిపోయినవాణ్ణీ ఒకే పేరుతో పిలిచే జ్ఞాపకంతోనే పేచీ. అందులోనూ అది మనిషిని బట్టి మారే జ్ఞాపకమైతే మరీను.

మారుతుందా అంటే, లెక్క చూడండి. 2014-15 నుంచి 2023-24 దాకా, పదేళ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయల మొండిబాకీలను పద్దుల్లోంచి తీసేశాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వెంటనే ఒక వివరణ కూడా ఇచ్చింది: ఇది మాఫీ కాదు, వసూలు కొనసాగుతుంది. అంటే అప్పు రద్దు కాలేదు, పద్దు మాత్రం మారింది. చాలా సంతోషం. అదే పద్దు మార్పు చీరాల ఆవిడ విషయంలో జరిగితే ‘రిటన్ ఆఫ్’ అని ఆమె నుదుటి మీద ముద్ర ఎందుకు? వీడియోకాన్ బకాయిలు 64 వేల కోట్లు దాటితే, మూడు వేల కోట్ల లోపు ఇస్తామన్నవాళ్ల ప్రణాళికకు 2021లో ముంబైలోని కంపెనీ లా ట్రైబ్యునల్ ఒప్పుకుంది. మరుసటి ఏడాది అప్పీలు ట్రైబ్యునల్ దాన్ని పక్కనపెట్టింది, అది వేరే కథ. ఇంత పెద్ద నష్టానికి బ్యాంకుల భాషలో పేరు ‘హెయిర్‌కట్’. పెద్దవాడు బాకీ పడితే బ్యాంకే భక్తిగా తలనీలాలిస్తుంది. చిన్నవాడు బాకీ పడితే గుండు అతనికే.

యంత్రానికి మరవడం రాదని మాత్రం చెప్పకండి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ఒక్క ప్రకటన చేసింది. కోవిడ్ వల్ల మూడు నెలల వాయిదాలు కట్టక్కర్లేదు, మారటోరియం తీసుకున్నవాళ్ల క్రెడిట్ చరిత్ర చెడదు అంది. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఆ ఆరు నెలల పాటు నాలుగు కంపెనీల కంప్యూటర్లూ బుద్ధిమంతుల్లా ఊరుకున్నాయి. అంటే మనిషి తప్పు లేకుండా వాయిదా తప్పవచ్చునని వాళ్లకు తెలుసు. దాన్ని లెక్కలోంచి తీసేయడమూ తెలుసు. దేశానికి జబ్బు చేస్తే మారటోరియం, ఇంటికి జబ్బు చేస్తే 090. అదొక్కటే తేడా. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువపత్రం, ఉద్యోగం ఊడిన ఉత్తరం, వీటిలో ఏదో ఒకటి చూపిస్తే ఆ గడి పక్కన నాలుగు ముక్కలు రాయడానికి చోటివ్వమంటే ఆకాశం విరిగిపడదు.

క్రమశిక్షణే అంత గొప్పదైతే, దాన్ని మొదలుపెట్టాల్సింది పైనుంచి. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. పేదవాడు ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేయకూడదన్నదే దాని ఉద్దేశం. పేర్లు మారాయి, రాష్ట్రాలు రెండయ్యాయి. ప్రభుత్వం బకాయిలు చెల్లించడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యం ఆపేయడం రెండు చోట్లా చూశాం. ఆసుపత్రి ఆపితే రోగి అప్పు చేస్తాడు. అప్పు చేసి వాయిదా తప్పుతాడు. పట్టికలో 090 పడేది రోగి పేరు మీద. మొదట వాయిదా తప్పిన ప్రభుత్వానికి పట్టికే లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలున్నాయని కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, కుర్రాడికి ఉద్యోగం ఆలస్యమవుతుంది, విద్యారుణం వాయిదా తప్పుతుంది, స్కోరు కుర్రాడిదే పడుతుంది. 2014 ఎన్నికల ముందు రుణమాఫీ హామీ నమ్మి పంట రుణం కట్టడం ఆపిన రైతుల గతీ అంతే. మాఫీ వాయిదాల్లో వచ్చింది, ఓవర్‌డ్యూ మాత్రం ఏకమొత్తంగా వచ్చింది. మాటిచ్చిన నాయకుడి పేరు ఏ గడిలోనూ లేదు.

కాబట్టి ఒక చిన్న ప్రతిపాదన. అమరావతి సచివాలయం గోడ మీద ఒకటి, హైదరాబాద్ సచివాలయం గోడ మీద ఒకటి, అదే గళ్ల పట్టిక పెట్టిద్దాం. ఏ ఆసుపత్రికి ఎన్ని రోజుల బాకీ, ఏ కాలేజీకి ఎన్ని నెలల బాకీ, ఏ రిటైరైన ఉద్యోగికి ఎంత బకాయి, నెలకో గడి చొప్పున 36 గళ్లు. చీరాల ఆవిడకు ఇవ్వని సౌకర్యం ఒకటి వాళ్లకు ఇద్దాం: ప్రతి గడి పక్కనా కారణం రాసుకోవడానికి చోటు. ఆ కారణాలన్నీ ఓపిగ్గా చదువుదాం, అర్థం చేసుకుందాం, వీలైతే క్షమిద్దాం. అంత ఓపిక ఆమె మీదా చూపించిన రోజున, క్రమశిక్షణ గురించి బ్యాంకు చెప్పే క్లాసుకు అందరం వెళదాం, ముందు వరసలో కూర్చుని మరీ విందాం.